ఆరున్నొకటి

ముందే చెప్తున్నా, ఈ కథలో ఒకరికి మతి సరిగ్గా లేదని తేలుతుంది. ఆ ఒకరు ఎవరో తెలిసేదాకా టీ తాగుతూ ఓపిగ్గా వినండి. మా ఆవిడని మాత్రం మధ్యలో మాట్లాడనివ్వకండి. తను మొన్నట్నుంచీ నవ్వుతూనే ఉంది, నోరు తెరిచిందంటే కథని చివర్నుంచి చెప్పేస్తుంది.

నా పనేమిటో మీకు తెలుసు కదా. పొద్దున్నే గుడియాత్తం నుంచి కారేసుకుని వేలూరు వెళ్తాను, అక్కడొక మెడికల్ కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్తాను, సాయంత్రం అదే కారులో తిరిగొస్తాను. ఈమధ్య మా కాలేజీలో వృద్ధుల వైద్యానికి కొత్త విభాగం పెడుతున్నారు. విభాగం పెట్టాలంటే ఆ పాఠం చెప్పే డాక్టర్లు కావాలి. ఆ డాక్టర్లకి పాఠం ఎలా చెప్పాలో చెప్పే డాక్టర్లు కావాలి. అందుకని మూడు రోజుల ట్రైనింగ్ పెట్టారు. నేనూ పేరిచ్చాను. నా దగ్గరికి వచ్చే రోగుల్లో సగం మంది ముసలివాళ్లే, నాకు తెలియనిదేముంటుందిలే అని ధీమాగా వెళ్లాను. ఆ ధీమా గుర్తుంచుకోండి.

మొదటి రోజు జ్యోతి వెలిగించారు. తలా ఒక బ్యాగు ఇచ్చారు. బ్యాగులో పెన్ను, పెన్నుకి మూత లేదు. ఆ తర్వాత ఐస్ బ్రేకింగ్ అన్నారు. అంటే ఏళ్లతరబడి ఒకే క్యాంటీన్‌లో ఇడ్లీ తింటున్న డాక్టర్లమంతా లేచి నిలబడి, ఎనభై ఏళ్లకి మనం ఎలా ఉంటామో నటించి చూపించాలి! ఎముకల డాక్టరు ఒకాయన వంగి నటించబోయి, నిజంగానే నడుం పట్టేసి, మిగతా సెషన్లన్నీ గోడకి ఆనుకుని విన్నాడు.

స్లైడ్లయితే లెక్కలేనన్ని. ప్రతి స్లైడులోనూ ఒక ముసలాయన, ఒక ముసలామె తెల్లటి పళ్లతో నవ్వుతూ సముద్రపు ఒడ్డున పరిగెడుతుంటారు. అలాంటివాళ్లు మా ఓపీకి ఇంతవరకూ రాలేదండీ. మా ఓపీకి వచ్చేవాళ్లు జోలార్పేట నుంచో నాట్రంపల్లి నుంచో బస్సులు మారి వస్తారు, మందుల కవరు ఇంట్లో మర్చిపోతారు, "అదే సార్, తెల్లగా గుండ్రంగా ఉంటాది చూడు, ఆ మాత్ర" అంటారు. తెల్లగా గుండ్రంగా ఉండని మాత్ర ఏది చెప్పండి!

పాఠాలు చెప్పడానికి ఢిల్లీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. మంచాయనే. కాకపోతే కాసేపటికోసారి వేలు పైకెత్తి "టేక్ హోమ్ మెసేజ్!" అంటాడు. అనగానే మేమంతా తల వంచి మూతలేని పెన్నులతో రాసుకోవాలి. ఆయన చెప్పిన మెసేజీల్లో మొదటిది: పెద్దవాళ్లని తాతా, అవ్వా అని పిలవకూడదు. అది చులకన చెయ్యడం. పేరు పెట్టి పిలవాలి, పేరు పలకడమే గౌరవం. రెండోది: జ్ఞాపకశక్తి పరీక్ష చేసేటప్పుడు జవాబు అందించకూడదు, సాయం చెయ్యకూడదు, ముఖంలో ఏ భావమూ కనిపించకూడదు. నేను రెండూ రాసుకున్నాను. అద్దం ముందు నిలబడి భావం లేని ముఖం ప్రాక్టీసు కూడా చేశాను. మా ఆవిడ చూసి, "ఏమండీ, పంటి నొప్పా?" అంది.

మూడో రోజు మా చేత పాఠం చెప్పిస్తారు. ఒక్కొక్కరూ ఒక పెద్దమనిషిని అందరి ముందూ కూర్చోబెట్టి, జ్ఞాపకశక్తి పరీక్ష చేసి చూపించాలి. మా ట్రైనింగ్ నడిపించేది డాక్టర్ సెల్వి, నాతో పాటే పనిచేస్తుంది. తను వచ్చి, "సార్, ఏ జబ్బూ లేని నార్మల్ పెద్దవాళ్లని మీరే తెచ్చుకోండి" అంది. నార్మల్ అనగానే నాకు మా మునెమ్మత్త గుర్తొచ్చింది.

మునెమ్మత్త మా నాన్నకి అక్క. మా వీధిలోనే ఇల్లు. డెబ్బై దాటింది, కానీ గుడియాత్తంలో మోపెడ్ మీద వెళ్తున్న ఆడమనిషి వెనక పచ్చగడ్డి మోపు కనిపిస్తే అది మా అత్తే. పొద్దున పాలక్యాన్లు, మధ్యాహ్నం తోటకి కూలివాళ్ల సంగటి, సాయంత్రం గడ్డి. ఇవేవీ లేనప్పుడు వెనక సీటులో మా ఏడుకొండలు మామ. మామ ఇంతవరకూ సైకిలు కూడా తొక్కింది లేదు. అత్త వెనక కూర్చుని పంచె ఎగరకుండా పట్టుకోవడమే ఆయన పని. చిన్నప్పుడు వేరుశెనక్కాయలు ముందు పోసి నాకు అంకెలు నేర్పింది కూడా అత్తే. అంటే నా డాక్టరు చదువుకి పునాది ఆమె చాపమీద పడిందన్నమాట.

సరిగ్గా ఆ సమయానికి అత్తకి లైసెన్సు రెన్యూవల్ వచ్చింది. ఆ వయసులో లైసెన్సు కావాలంటే డాక్టరు సంతకం ఉండాలి. వాళ్ల కొడుకు మురళికి ఆమె బండి తోలడం ఇష్టం లేదు. "డాక్టరు సంతకం పెడితే తోలు. లేకుంటే బండి తాళం నాది" అని తేల్చేశాడు. అత్తకి మోపెడ్ పోవడమంటే ఏమిటో మీకు అర్థం కావాలి. తోటకి ఇంకొకళ్లని బతిమాలుకుని వెళ్లాలి, గుడికి వెళ్లాలన్నా కోడలి తీరిక చూసుకోవాలి. ఆమె ఒకరిని అడిగి ఒక చోటికి వెళ్లిన మనిషి కాదు.

నేను వెళ్లి అడిగాను. "అత్తా, శనివారం నాతో వేలూరు వస్తావా? కొన్ని ప్రశ్నలు అడుగుతా, జవాబు చెప్తే చాలు."

"వస్తా గానీ, ఆ లైసెన్సు కాయితంలో సంతకం పెడతావా నాయనా?"

"పరీక్ష పాసయితే అక్కడికక్కడే పెడతా!"

"నేనా పాసు కానిది? సరి పో, శనివారం ఎనిమిదికంతా రెడీగా ఉంటా."

శనివారం అత్త పట్టుచీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని, పెళ్లికి బయల్దేరినట్టు వచ్చి కారులో కూర్చుంది. మామ కూడా ఎక్కాడు. ఆయనకి ఆసుపత్రి వాసన పడదు, అందుకని కాలేజీ గేటు ఎదురుగా టీ అంగట్లో దిగబెట్టి, "ఇక్కడే ఉండు మామా" అని చెప్పి, కారు లోపల చెట్టుకింద పెట్టి, అత్తని పైకి తీసుకెళ్లాను.

మా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. హాలు నిండా డాక్టర్లు, చేతుల్లో చెక్‌లిస్టులు. ముందు వరసలో ఢిల్లీ సార్. పక్కన మార్కులు వేయడానికి సెల్వి. అత్తకి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు కాబట్టి, ప్రశ్నలు నేను తెలుగులో అడిగి, జవాబులు ఇంగ్లీషులో అందరికీ చెప్పాలి. తిరుపతిలో చదువుకున్నందుకు ప్రశ్నలన్నీ నేనే మంచి తెలుగులో రాసుకొచ్చాను. ఆ మంచి తెలుగే మొదట కొంప ముంచింది.

భావం లేని ముఖం పెట్టి మొదలుపెట్టాను. "నమస్కారం మునెమ్మ గారూ."

అత్త వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. "నన్నేనా? ఎప్పట్నించి నాయనా ఈ గారూ గీరూ?" అంది. హాలంతా నవ్వారు. సెల్వి నోటికి కాగితం అడ్డం పెట్టుకుంది.

"మనం ఇప్పుడు ఎక్కడ ఉన్నాం?"

"ఏం, నువ్వే గదా పిలుచుకొని వచ్చినావు? వేలూరు. మీ కాలేజీ. మెట్లెక్కలేక సచ్చినా, లిఫ్టు పని చెయ్యలే."

"ఈ రోజు ఏ వారం?"

"శనివారం. మీ మామకి ఒక్కపొద్దు. టీ మాత్రం తాగతాడు."

రెండూ రైటు. ఢిల్లీ సార్ తలాడించాడు. నాకు హుషారొచ్చింది. మూడు మాటలు చెప్పాను. "టెంకాయ, గొడుగు, కారు. వీటిని గుర్తుపెట్టుకోండి. కాసేపయ్యాక మళ్లీ అడుగుతాను." అత్త మూడూ తిరిగి చెప్పింది. ఆ తర్వాత నా మంచి తెలుగులో అడిగాను: "ఇది ఏ ఏడు?"

అత్త కొంచెం సిగ్గుపడింది. "ఆయప్పా? బయట టీ అంగట్లో ఉండాడు."

సెల్వి సున్నా వేసింది. మా ఇళ్లలో వరుసం అంటాం గానీ ఏడు అని ఎవరంటారు! 'ఏడీ' అని విన్నట్టుంది అనుకుని సర్దిచెప్పుకున్నాను. మళ్లీ అడగడానికి లేదు, అందించకూడదు కదా. తర్వాత ప్రశ్నకి వెళ్లాను.

"ఇరవై నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టండి."

పాలు కొలిచే మనిషికి ఇదొక లెక్కా! అత్త టకటకా అందుకుంది. "ఇరవై, పందొమ్మిది, పద్దెనిమిది..." అక్కడ ఆగింది. కొంగు సర్దుకుంది. "పదారు, పదైదు, పద్నాలుగు..." నేను ఇంగ్లీషులో ఒక్కొక్కటీ చెప్తున్నాను. ఎయిటీన్ తర్వాత సిక్స్‌టీన్ అనగానే పెన్నులన్నీ కదిలాయి. తడబడిందిలే, ఇంతమందిలో ఎవరికైనా కంగారే అనుకున్నాను. ఇంతలో "తొమ్మిది, ఎనిమిది..." మళ్లీ ఆగింది. మళ్లీ కొంగు. "ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి!" అని ముగించి, నాకేసి గెలిచినట్టు చూసింది.

"మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నాను. మళ్లీ చెప్పింది. మళ్లీ అవే రెండు అంకెలు ఎగిరిపోయాయి.

నా భావం లేని ముఖంలో భావం మొదలైంది.

చివరిది గడియారం. తెల్లకాగితం ఇచ్చి, గడియారం గీసి అంకెలు వేయమన్నాను. అత్త చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి చుట్టూ గీసింది. దేవుడా, ఏం గుండ్రంగా వచ్చింది! పన్నెండు, ఒకటి, రెండు, ఒక్కొక్కటీ ఒద్దికగా వేసుకుంటూ ఆరు దాకా వచ్చింది. తర్వాత ఒక అంకె పట్టేంత జాగా వదిలి ఎనిమిది వేసింది. తొమ్మిది, పది, పదకొండు. ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఖాళీ. పన్ను ఊడిపోయినట్టు.

ఢిల్లీ సార్ కుర్చీలోంచి లేచాడు. కాగితం పైకెత్తి అందరికీ చూపించాడు. ఆయన కళ్లు వెలిగిపోతున్నాయి. "బ్యూటిఫుల్! ఎడమవైపు కింద భాగం ఈమె మెదడుకి కనబడ్డమే లేదు. మెదడు కుడివైపు దెబ్బతింది. కానీ చూడండి, ఎనిమిది ఉంది, తొమ్మిది ఉంది. ఒక్క సెవెన్ మాత్రమే పోయింది! లెక్కలో కూడా సెవెన్, సెవెన్‌టీన్! ఇంత చిన్న దెబ్బ పుస్తకాల్లో కూడా లేదు!"

పుస్తకాల్లో కూడా లేనిది రోగమేనా అని ఒక్క డాక్టరుకీ తోచలేదు. అత్త గడియారాన్ని ఫోటో తీసుకోవడానికి లైను కట్టారు. ఎముకలాయన కూడా గోడ వదిలిపెట్టి వచ్చాడు.

నాకు మాత్రం, నిజంగా చెప్తున్నా, భయమేసింది. నన్ను చాపమీద కూర్చోబెట్టుకుని అంకెలు నేర్పిన మనిషికి అంకెలు పోతున్నాయి! రోజూ ఆ వీధిలోనే తిరుగుతూ, వారానికోసారి ఆమె చేతి పులుసు తింటూ, నేనెలా గమనించలేదు? ఇన్నాళ్లూ ఆమె రోడ్డుమీద అలాగే తోలిందా? లారీలు తిరిగే రోడ్డది!

ఢిల్లీ సార్ నా భుజంమీద చెయ్యేసి, "ఈమె బండి నడుపుతారా?" అని అడిగాడు.

పొద్దున కాఫీ దగ్గర నేనే గొప్పగా చెప్పాను, మా అత్త మోపెడ్ తోలుతుందని. ఇప్పుడు అబద్ధం చెప్పడానికి లేదు. తలూపాను.

"ఈ క్షణం నుంచీ ఆపించాలి. తాళం తీసుకోవాల్సిన బాధ్యత మీది. టేక్ హోమ్ మెసేజ్!" అన్నాడు. అందరూ రాసుకున్నారు.

సెల్వి మంచి పిల్ల. అందరూ ఇంగ్లీషులో మాట్లాడేస్తుంటే పెద్దావిడకి ఎవరూ చెప్పడం లేదని బాధపడి, పక్కన మోకాళ్లమీద కూర్చుని, చెయ్యి పట్టుకుని మెత్తగా చెప్పింది: "అమ్మా, ఇనిమే వండి ఓట్టక్కూడాదు మా." ఇకమీద బండి తోలకూడదమ్మా అని.

అత్త చెయ్యి విడిపించుకుంది. గాజు తిరిగి తొడుక్కుంది. లేచి నా ముందుకొచ్చి నిలబడింది.

"నాకు మతి లేదని నలుగుర్లో చెప్పను ఇంత దూరం పిలుచుకొని వచ్చినావా నాయనా? ఆ మాట ఊర్లోనే చెప్పుంటే పట్టుచీరన్నా నలగకుండా ఉండు గదా!"

అని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఎక్కలేక సచ్చిన మెట్లే దిగేటప్పుడు ఆమెని అందుకోవడం నా వల్ల కాలేదు. మెడలో ట్యాగు, చేతిలో బ్యాగు, వెనక "సార్, మీ ఫీడ్‌బ్యాక్ ఫారం!" అని ఎవరో అరుపు. నేను గేటు దాటేసరికి అత్త అప్పుడే టీ అంగట్లోంచి మామని లేపేసింది. ఎదురుగా గుడియాత్తం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరూ ఎక్కేశారు. నేనూ పరిగెత్తి ఎక్కాను. ఎక్కకపోతే మనిషినా నేను?

బస్సులో అత్త కిటికీ వైపు మొహం తిప్పుకుంది. పక్కన మామ బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. నేను కమ్మీ పట్టుకుని వాళ్లమీదికి వంగి, "అత్తా, అది జబ్బే కాకపోవచ్చు, ఒక స్కాన్ తీస్తే తెలిసిపోతుంది" అని నచ్చజెప్తున్నాను. బస్సులో సగం మంది నా మాటలే వింటున్నారు. అత్త మాత్రం వినడం లేదు. పళ్లికొండ వచ్చేదాకా పలకలేదు. అక్కడ కండక్టరు దగ్గరికి వస్తే అతణ్ణి అడిగింది, గుడియాత్తం ఎప్పటికి చేరతామని.

"ఏళు మణి ఆగుంమా" అన్నాడతను. ఏడు గంటలవుతుందమ్మా అని.

అత్త మామ వైపు తిరిగి చెప్పింది. "ఆరున్నొకటికి చేరతామంట."

మామ "ఊఁ" అన్నాడు.

ఆరున్నొకటి! నాకు చిన్నప్పుడు చాపమీద అత్త నేర్పిన అంకె అది! ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది! బళ్లో చేరిన కొత్తలో నేను అలాగే చదివితే అయ్యవారు బెత్తం విరగ్గొట్టాడు! మొగుడి పేరు నోటితో పలకని మనిషి మా అత్త. మామ పేరు ఏడుకొండలు. ఆ పేరు మొదలయ్యేదే ఆ అంకెతో! పాలు లెక్కపెట్టినా, బస్సు టైము చెప్పినా, తిరుమల పేరెత్తినా ఆమె నోట ఆ మాట రాదు. "కొండకి పోయొస్తిమి" అంటుంది. ఇదంతా నాకు తెలియకపోతేగా! పుట్టినప్పట్నుంచీ వింటూ వింటూ, అదొక వింత అన్న సంగతే మర్చిపోయాను.

"అత్తా! పద్దెనిమిది తర్వాత ఏమిటత్తా?" అని అరిచాను. బస్సంతా తిరిగి చూసింది.

"మళ్లా మొదలుపెట్టినావా? నీకు తెలీదా అది ఏందో? ఆయప్ప పేరు అంతమంది మొగోళ్ల ముందర నోట్లో పెట్టుకొని చెప్పమంటావా?"

"గడియారంలో కూడా వెయ్యలేదే?"

"చెప్పకూడనిది రాయొచ్చునా? అందుకే దా సందు ఇడిసినా. ఆరుకీ ఎనిమిదికీ మధ్యలో ఏముంటాదో చిన్నపిల్లకి కూడా తెలస్తాది. అంత పెద్ద పెద్ద డాక్టర్లు, వాళ్లకి తెలీదని నాకేం తెలుసు?"

ఏడుకొండలు మామ తల వంచుకుని, మీసం కింద నవ్వుకుంటున్నాడు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, పెళ్లికొడుకులా ఎర్రబడ్డాడండీ!

వెంటనే ఢిల్లీ సార్‌కి ఫోన్ చేశాను. బస్సు రొద, పాటల రొద. నాకు కంగారు. "సార్! సెవెన్ ఈజ్ హర్ హస్బెండ్!"

"వాట్? హస్బెండ్‌కి సెవెన్ ఇయర్సా?"

"నో సార్! హస్బెండ్ ఈజ్ సెవెన్ హిల్స్!"

ఆయన గొంతులో ఉత్సాహం పొంగింది. "ఓహో! మొగుడు కొండలా కనిపిస్తున్నాడా? అంటే భ్రమలు కూడా ఉన్నాయన్నమాట! వెరీ ఇంటరెస్టింగ్!"

ఫోన్ సెల్వికి ఇమ్మన్నాను. తనకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. "అయ్యయ్యో సార్! మా పాట్టి, అదే మా అవ్వ, కూడా అంతే. మా తాత పేరు మురుగన్ అని, కావేరిపాక్కంలో గుడికి వెళ్తే సామి పేరు చెప్పి దండం పెట్టుకోదు, 'నెమలి మీద ఉండే సామీ' అంటుంది. నేనూ పక్కనే కూర్చుని సున్నా వేశానే!" అని ఒకటే నవ్వు. మేము గుడియాత్తం చేరేలోగా తను ఒక ఫోటో పంపింది. ముగింపు సభలో ఢిల్లీ సార్ ఆఖరి స్లైడు. అత్త గడియారం, దానికింద పెద్ద అక్షరాలతో, 'పేరు పలకకపోవడం కూడా గౌరవమే'. పైన ఎప్పట్లాగే 'టేక్ హోమ్ మెసేజ్'. ఆయన దాన్ని తను కనిపెట్టినట్టే చెప్పాడట. చప్పట్లు కూడా కొట్టారట. దానిమీద ప్రత్యేకంగా ఇంకో ట్రైనింగ్ పెట్టాలని తీర్మానం కూడా అయ్యిందట.

బస్టాండు నుంచి ఆటోలో ఇంటికి వచ్చాం. అత్త వాళ్ల అరుగుమీద కూర్చుని, మురళి చూస్తుండగా, లైసెన్సు కాగితంమీద నా ఖరీదైన పెన్నుతో పెద్ద సంతకం పెట్టాను. గండం గడిచింది, అత్త నవ్వింది, కాఫీ వచ్చింది. మా ఆవిడ కూడా అప్పుడే వచ్చి గడపమీద కూర్చుంది. నేను బస్సులో జరిగినదంతా అభినయం చేసి చూపించి, "మనిషికి జ్ఞాపకం అంటే ఏమిటి, మతిమరుపు అంటే ఏమిటి, ఇదంతా పుస్తకాల్లో ఉండదు. కళ్లు తెరుచుకుని చూడాలి" అని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అత్త కాఫీ గ్లాసు కింద పెట్టింది. "అది సరే నాయనా. మూడు మాటలు గుర్తు పెట్టుకో, మళ్లా అడుగుతా అంటివే. అడగనే లేదు?"

నిజమే! ఆ గొడవలో మర్చేపోయాను. "చెప్పత్తా, చెప్పు!"

"టెంకాయ" అంది. వేలు ముడిచింది. "గొడుగు." ఇంకో వేలు.

మూడోదానికి ఆగింది. నాకేసి చూసింది. వీధి వైపు చూసింది, నేను రోజూ బండి పెట్టే చోటుకేసి. అందరం అటే చూశాం. అక్కడ ఒక దూడ పడుకుని ఉంది.

"కారు" అంది అత్త. "కారు యాడ నాయనా?"

మొదట మా ఆవిడకి అర్థమైంది. గడపమీదే పడి నవ్వడం మొదలుపెట్టింది. అదిగో, ఆ నవ్వే ఇప్పటికీ నడుస్తోంది.

"మామా, నువ్వన్నా చెప్పకూడదా?" అన్నాను.

"నువ్వు పెద్ద డాక్టరు. ఏదో యోచన పెట్టుకొని బస్సెక్కినావని ఊరకుండినా అప్పా" అన్నాడు మామ.

"నేను పళ్లికొండలోనే అనుకొంటి" అంది అత్త. "అడిగితే మళ్లా అదొక పరీక్ష పెడతావని ఊరకుంటి."

మెసేజ్ అయితే ఇంటికి తెచ్చాను, కారే తేలేదు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే అత్త తనే వచ్చి వాకిట్లో మోపెడ్ ఆపింది. "ఎక్కు. ఆరున్నొకటి బస్సు పోతే మళ్లా తొందర్లో లేదు." ఏడుకొండలు మామ స్థలంలో నేను కూర్చున్నాను, పంచె లేకపోయినా చేతులు మాత్రం అలాగే పెట్టుకున్నాను. ఏం తోలిందండీ! మలుపు దగ్గర చెయ్యి చాపింది, గేదెకి దారిచ్చింది, ఎదురొచ్చిన ముగ్గుర్ని పేరు పెట్టి పలకరించింది. నాకున్న లైసెన్సుకి సిగ్గేసింది.

అది అక్కడితో అయిపోయుంటే బాగుండేది. బస్టాండులో అత్త బండి దిగి, నేరుగా కండక్టరు దగ్గరికి వెళ్లింది. నిన్నటి కండక్టరే! తమిళంలో, బస్సుకంతా వినబడేలా చెప్పింది, మా మేనల్లుడు, వేలూరులో పెద్ద డాక్టరు, కాస్త మరతి, కాలేజీ గేటు దగ్గర మర్చిపోకుండా దించెయ్యండి అని. మరతి అంటే మతిమరుపు. అతను నన్ను ఎగాదిగా చూసి, జాలిగా తలూపి, వృద్ధులకని రాసి ఉన్న సీటు చూపించాడు. అందులో కూర్చున్న పెద్దాయన లేచి, చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టాడు. వద్దన్నాను. వద్దనడం కూడా జబ్బులో భాగమనుకున్నట్టున్నాడు.

కాలేజీ గేటు వచ్చింది. కండక్టరు విజిల్ వేసి, బస్సు ఆపించి, నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్లవాణ్ణి అడిగినట్టు మెల్లగా అడిగాడు: "సార్, ఇంగె ఎదుక్కు వందీంగ? ఞాబగం ఇరుక్కా?" ఇక్కడికి ఎందుకొచ్చారో గుర్తుందా అని.

బస్సంతా ఊపిరి బిగబట్టి నా జవాబు కోసం చూస్తోంది. జవాబు అందించకూడదని వాళ్లకి ఎవరు నేర్పారో గానీ, ఒక్కరూ అందించలేదు.

"కారు" అన్నాను.

మూడింట్లో ఒకటి రైటు. మిగతా రెండూ అతను అడగలేదు కాబట్టి సరిపోయింది.